వదులుకున్నవి, వదిలించినవి

నాకు 78 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 34 ఏళ్ళు తెలుగు చెప్పాను. మా సంఘానికి 19 ఏళ్ళు ట్రెజరర్‌గా ఉన్నాను. మొన్న శ్రమల దినాల్లో యౌవనస్థుల కూడికకు పిలిస్తే వెళ్ళాను. డిగ్రీ చదివే ఒకమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, తన్నుతాను ఉపేక్షించుకోవడం అంటే అసలు ఏమిటి? మా ఇంట్లో అమ్మకు ఒక అర్థం, అన్నయ్యకు ఒక అర్థం ఉన్నట్టుంది." పది నిమిషాల్లో చెప్పగలిగింది చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది చాలా ఉంది. అందులో కొంత నేను తప్పు చేసి నేర్చుకున్నది. అది కూడా చెప్పాలనే ఇలా రాస్తున్నాను.

తెలుగు మాస్టారిని కాబట్టి మాట దగ్గరే మొదలుపెడతాను. ఉపేక్షించడమంటే మన వాడుకలో పట్టించుకోకపోవడం. ఒళ్ళు హింసపెట్టుకోవడమనే అర్థం దానికి లేదు, తన్ను తాను అసహ్యించుకోవడమనీ లేదు. తన్ను వెంబడించేవాడు తన్నుతాను ఉపేక్షించుకోవాలని యేసు అన్నచోట మార్కు సువార్త గ్రీకు మూలంలో వాడిన క్రియే, కోడి కూసేలోపు పేతురు ఆ మనిషిని నేనెరగనని బొంకే సందర్భంలోనూ కనపడుతుంది. ఆ రాత్రి పేతురు యేసు గురించి అన్న మాటను మనం మన లోపల కూర్చుని 'నా మాటే నెగ్గాలి' అనేవాడి గురించి అనాలి. వాడెవడో నాకు తెలియదనాలి. నాకు అర్థమైనంతలో ఆ మాటకు అర్థం ఇదే.

1. ముందు హక్కు ఉండాలి

మా నాన్నకు చదువు రాదు. ఎద్దుల సంగతి బాగా తెలుసు. పైరు మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దుల మూతికి చిక్కం వేసేవాడు, లేకపోతే నాలుగు సాళ్ళు నడిచేసరికి పైరు మేసేస్తాయి. కళ్ళంలో బంతి తిప్పేటప్పుడు మాత్రం ఆ చిక్కాలు తీసి గుంజకు తగిలించేవాడు. ఎద్దులు గుండ్రంగా తిరుగుతూ, వంగి వంగి నోటికందినంత గడ్డీ గింజా నములుతూ ఉండేవి. ఎవరైనా "గింజలు పోతున్నాయిరా" అంటే, "తొక్కేది అవి, తినకపోతే ఎట్టా" అనేవాడు. ఒక ఆదివారం అయ్యగారు మోషే ధర్మశాస్త్రంలో కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదన్న మాట చదివితే నాన్న నా వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. తనకు తెలిసిన సంగతి దేవుడికి కూడా తెలుసని ఆ నవ్వు.

ఆ చిక్కం మాటనే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో తీసుకున్నాడు. ఆ అధ్యాయాన్ని మనవాళ్ళు ఎప్పుడూ చివరినుంచి చదువుతారు. పౌలు జీతం తీసుకోలేదు, తన హక్కు వాడుకోలేదు, అందరికీ దాసుడయ్యాడు అని. మొదటినుంచి చదవండి. సగం అధ్యాయం దాకా ఆయన తన హక్కులనే ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. తినే హక్కు, తాగే హక్కు, భార్యను వెంటబెట్టుకుని తిరిగే హక్కు, చేతిపని మాని సేవ మీద బతికే హక్కు. సైన్యంలో చేరినవాడు సొంత డబ్బుతో తింటాడా? ద్రాక్షతోట వేసినవాడు పండు తినడా? మందను కాసేవాడు పాలు తాగడా? ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది, లోకం ఒప్పుకుంటుంది, ప్రభువే ఆజ్ఞాపించాడు. ఇదంతా తిరుగులేకుండా రుజువు చేశాకే, నేను వాడుకోవడం లేదన్నాడు.

అంత శ్రమ ఎందుకు పడ్డాడో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. తనదని తేలని దాన్ని ఎవరూ ఇవ్వలేరు కదా. కూలి అడిగే ధైర్యం లేక ఊరుకున్నవాడిని త్యాగి అంటే ఆ మాట నీచమైపోతుంది.

2. ఆ పిడికెడు ఎవరి కంచంలోది

మా అమ్మ రోజూ పొద్దుగూకేవేళ ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి చేటలో పోసేది. రాళ్ళు ఏరాక అందులోంచి కుడిచేత్తో ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, పొయ్యి పక్కనున్న మట్టి ముంతలో వేసేది. ఆ ముంత మీద ఒక కొబ్బరి చిప్ప మూత. ఆదివారం ఆ ముంతను కొంగు చాటున పట్టుకుని గుడికి వెళ్ళి, అక్కడున్న గోనెసంచిలో వంపేది. మా పల్లెలో ఆడవాళ్ళందరూ అంతే. ఆ బియ్యం మా ఊరి బైబిల్ స్త్రీకీ, దిక్కులేని ఇద్దరు ముసలివాళ్ళకూ వెళ్ళేది. ఏ ఆస్తిపరుడి చందా లేకుండా ముగ్గురు మనుషులు ఏళ్ళ తరబడి బతికారు.

పిడికెడు బియ్యం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. వింటున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. యాభై ఏళ్ళు దాటాక ఒకరోజు వాక్యం చదువుకుంటుంటే, వానలు పడని ఆ ఏడు గుర్తుకొచ్చింది. సోలెడు కాస్తా సోలలో సగమైంది. అయినా ముంతలో పిడికెడు పడేది. నాన్నకు వడ్డించేది, మా నలుగురికీ వడ్డించేది. ఆమె కుండ గోకి ఉప్పేసుకుని గంజి తాగేది. ఆ పిడికెడు నాన్న కంచంలోంచి ఒక్కనాడూ పోలేదు, నా కంచంలోంచీ పోలేదు. ఇంటిల్లిపాదీ ఇచ్చామని చెప్పుకున్న కానుక ఒక్క మనిషి ఆకలి.

అమ్మ తెలిసే ఇచ్చింది, సంతోషంగా ఇచ్చింది, అందులో నాకు సందేహం లేదు. నేను నా కంచం వైపు చూసుకోకపోవడం నా తప్పు. త్యాగం గురించి మాట్లాడే మగవాళ్ళందరూ ముందు ఇంట్లో ఆఖరున ఎవరు తింటున్నారో చూడాలి. కూడికలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా మొదటి జవాబు అదే.

3. నేను చేసిన సాక్షి సంతకం

ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మా సంఘంలోనే ఒక కుటుంబం. తల్లి ముందే పోయింది, తర్వాత తండ్రి పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఎకరంన్నర మాగాణి, ఒక పెంకుటిల్లు. వీలునామా లేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకెంతో కూతురికీ అంతే. ఆ సంగతి నాకు తెలుసు. అన్నదమ్ములు సంఘ పెద్దల దగ్గరకొచ్చి, చెల్లెలికి పెళ్ళప్పుడు పెట్టిపోతలు జరిగాయి కాబట్టి ఆమె హక్కు వదులుకునేలా మాట్లాడమన్నారు. మేం నలుగురం వెళ్ళాం. అబ్రాహాము లోతుతో గొడవ పడకుండా నీకు నచ్చింది తీసుకో అన్న భాగం చదివాం. ప్రార్థన చేశాం. ఆ అమ్మాయి తల వంచుకుని విన్నది. పెనిమిటి సంపాదన అంతంతమాత్రమని, మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోందని మా అందరికీ తెలుసు.

వారం తర్వాత రిజిస్ట్రారాఫీసులో హక్కు విడుదల పత్రం. ఎనిమిదో తరగతిలో ఆ అమ్మాయి దస్తూరి ముత్యాల్లా ఉందని క్లాసులో అందరికీ చూపించింది నేనే. అదే దస్తూరితో, ప్రతి పేజీ కింద, ఒత్తులు కూడా తప్పకుండా సంతకాలు చేసింది. రిజిస్ట్రారు తలెత్తి, "ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నావా అమ్మా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పే ముందు మా వైపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడే అర్థమై ఉండాలి. "అవునండీ" అంది. సాక్షిగా నేను సంతకం చేశాను.

తర్వాత మూడేళ్ళు ఆమె సంస్కారపు బల్ల దగ్గరికి రాలేదు. గుడికి వచ్చేది, వెనక వరసలో కూర్చునేది, రొట్టె ద్రాక్షారసం వేళకు లేచి వెళ్ళిపోయేది. ఒకనాడు నేను వాళ్ళింటికి వెళ్ళి, నన్ను క్షమించమని అడిగాను. మంచినీళ్ళిచ్చింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి అంది: "మాస్టారూ, అన్నయ్యలు నోరు తెరిచి అడిగుంటే నేనే ఇచ్చేదాన్నేమో. ఎవరూ అడగలేదు. మీరొచ్చి వాక్యం చదివారు."

అబ్రాహాము పెద్దవాడు. పొలం ఏరుకునే హక్కు ఆయనది. ఆయన తనది తాను ఇచ్చాడు. మేము ఆ కథ పట్టుకెళ్ళి, బలమున్న అన్నదమ్ముల కోసం బలంలేని చెల్లెలి చేతిలోంచి తీసుకున్నాం. బైబిల్‌ను దానికంటే తలకిందులుగా పట్టుకోవడం ఇంకొకటి ఉండదు. ఎదుటివాడి హక్కును వదిలించడానికి దేవుడు ఎవరికీ అధికారం ఇవ్వలేదు. సంఘ పెద్దకు ఇవ్వలేదు, పాస్టరుకు ఇవ్వలేదు, భర్తకు ఇవ్వలేదు.

4. ఎవరికోసమో తెలిసి ఉండాలి

కొరింథులో గొడవ మాంసం మీద. విగ్రహాలకు అర్పించిన మాంసం బజారుకు వచ్చేది. విగ్రహం వట్టిదని తెలిసినవాళ్ళు నిశ్చింతగా తినేవాళ్ళు. మొన్నటిదాకా ఆ గుళ్ళలోనే మొక్కి వచ్చినవాళ్ళకు అది చూస్తే మనసు చెదిరేది. తెలిసినవాళ్ళ వాదమే సరైనదని పౌలు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, నా సోదరుడు దీనివల్ల తొట్రుపడేటట్టయితే నేను మాంసమే ముట్టనన్నాడు.

రిటైరయ్యాక మా అరుగు మీద సాయంత్రాలు నలుగురు పాత మాస్టర్లం రమ్మీ ఆడుకునేవాళ్ళం. పైసా పందెం లేదు. మా వీధిలోనే ఒకతను పేకాటలో అరెకరం పోగొట్టుకుని, భార్య పుస్తెలు కుదువబెట్టి, చివరికి మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. ఒక సాయంత్రం ఏదో అడగడానికి మా గేటుదాకా వచ్చాడు. చాప మీద ముక్కలు పరిచి ఉన్నాయి. అతని చెయ్యి గేటు గడియ మీదే ఆగిపోయింది. ముక్కల వైపే చూస్తున్నాడు. ఆకలిగా ఉన్నవాడు అన్నం వైపు చూసినట్టు చూశాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి మా అరుగు మీద పేక లేదు. పేకాట పాపమని నేను ప్రసంగం చేయలేదు, స్నేహితులకు చెప్పలేదు, అతనికీ చెప్పలేదు. అతను పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఊరికే వదులుకోవాలనుకుంటే ఏదీ వదలదు. ఒక మనిషి ముఖం గుర్తున్నప్పుడు తేలికగానే వదిలింది.

5. లెక్క రాసుకోకూడదు

మా తండ్రిగారి ఇంటి స్థలంలో రోడ్డు వైపు ముక్క పెద్దవాడిగా నాకు రావాలి. తమ్ముడికి కొట్టు పెట్టుకోవాలని ఉంది. ఇచ్చేశాను. వెనకవైపు సందులో నేను ఇల్లు కట్టుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత ఇరవై ఏళ్ళు, ఏ పెళ్ళికి కలిసినా, ఏ క్రిస్మస్‌కు కూర్చున్నా, ఏదో ఒక మాటలో ఆ స్థలం సంగతి తెచ్చేవాణ్ణి. ఒకరోజు తమ్ముడు వెళ్ళాక మా ఆవిడ అంది: "ఆ స్థలం మీరు ఇవ్వలేదు, అప్పుగా పెట్టారు. ఏటేటా వడ్డీ వసూలు చేస్తున్నారు." ఆ మాటకు నాకు జవాబు లేదు.

అబ్రాహాము కథలో మనం చదవకుండా వదిలేసే భాగం ఆ తర్వాతి అధ్యాయం. నీళ్ళున్న మైదానం ఏరుకున్న లోతు, యుద్ధంలో ఆస్తితో సహా బందీ అయ్యాడు. మంచి ముక్క తీసుకున్నాడు, అనుభవించనీ అని అబ్రాహాము అనలేదు. తన ఇంట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకుని, దానుదాకా తరుముకుంటూ వెళ్ళి విడిపించాడు. సొదొమ రాజు సొమ్ము ఇస్తానంటే నూలుపోగు కూడా వద్దన్నాడు. ఇచ్చినప్పటి మనసు నిజమైనదో కాదో అవతలివాడు కష్టంలో పడ్డప్పుడు తెలుస్తుంది. తమ్ముడి కొట్టు నష్టపోయిన ఏడు నేను ఎంత చేశానో, ఎంత చేయలేదో వాడికి తెలుసు, దేవుడికి తెలుసు.

6. పేరు పోయినా పని పోకూడదు

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మా పిల్లలకు తెలియదు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. పంపిన మిషను వారు అప్పటికి వైద్యసేవ మొదలుపెట్టే ఆలోచనలో లేరు. అందుకని ఆమెను డాక్టరుగా నియమించలేదు, ఇళ్ళలోని స్త్రీల మధ్య పనికీ బోధనకూ పంపారు. డాక్టరు పట్టా చేతిలో ఉన్నా ఆ హోదా లేకుండా రావడానికి ఆమె ఒప్పుకున్నారు. వచ్చినప్పటినుంచీ ఏ గుమ్మంలో జబ్బు మనిషి కనపడితే అక్కడ కూర్చుని మందిచ్చారు. రెండేళ్ళకు మిషనే ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. హోదా లేదని ఆమె పని ఆపలేదు. ఆడవాళ్ళు పరాయి మగ డాక్టరు చేత నాడి పట్టించుకోని ఆ రోజుల్లో ఆమె వల్ల బతికి బట్టకట్టిన తల్లులూ బిడ్డలూ ఎందరో.

ఒంగోలులో జాన్ క్లౌ దొరగారి సంగతి మరొక రకం. ధాత కరువని పెద్దవాళ్ళు చెప్పుకునే 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి పనీ కూలీ చూపించారు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ళమీద పడకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ ఆపేశారు. మిషనరీ అన్నవాడికి లెక్క చూపించుకోవడం కంటే పెద్ద ఆశ ఏముంటుంది? దాన్ని ఆయన పక్కనబెట్టారు. పని అయిపోయి, ఇక ఇచ్చేందుకు కూలి డబ్బులు లేవని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దాని వెనక ఆయన ఇవ్వకుండా ఆపిన నెలల గురించి కూడా చెప్పుకోవాలి.

7. ఇచ్చినదీ, లాక్కున్నదీ ఒకటి కావు

ఈ దేశంలో క్రైస్తవులు ఒక హక్కును చేతులారా వదులుకున్న సందర్భం ఒకటుంది. 1932 కమ్యూనల్ అవార్డు, దాని తర్వాత 1935 చట్టం భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చాయి. మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ఆ ఏర్పాటును వ్యతిరేకించారు. సంఘం ఒక రాజకీయ వర్గంగా గిరి గీసుకుని కూర్చుంటే చుట్టూ ఉన్న జనానికి దూరమవుతుందని ఆయన బాధ. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ మొదట మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు ఉంచాలనుకుంది. 1949 మేలో అది వద్దని నిర్ణయించింది. ఆ నిర్ణయం వైపు ముందుండి నిలబడ్డవారిలో సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. మద్రాసు నుంచి వెళ్ళిన జెసూట్ గురువు జెరోమ్ డిసౌజా దాన్ని సమర్థించారు. చేతికొచ్చిన సీట్లను, తోటి పౌరుల మీద నమ్మకంతో, వద్దన్నారు. ఆ పెద్దలంటే నాకు గౌరవం.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అంటరానితనం అనుభవించిన పల్లెలోనే పుట్టి, అదే వీధిలో ఉంటూ, గుడికి వెళ్ళినవాడికి ఆ జాబితాలో చోటు లేదు. మన రాష్ట్రంలో బీసీ-సి అని ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు, అంతే. దీన్ని గురించి మాట్లాడితే కొందరు సంఘ పెద్దలు, మన పౌరసత్వం పరలోకంలో ఉంది, లోకపు హక్కులెందుకు అంటారు. ఆ మాట అనేవాడి పిల్లలు అప్పటికే స్థిరపడి ఉంటారు. 1949లో పెద్దలు వదులుకున్నది వాళ్ళు తెలిసి వదులుకున్నారు. 1950లో పల్లెవాడిని ఎవరూ అడగలేదు. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి త్యాగమనడం అన్యాయం.

8. పౌలు అడిగిన రోజులు కూడా ఉన్నాయి

ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేశారు. మర్నాడు అధికారులు చడీచప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మని కబురు పంపితే పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. ఆ ఊళ్ళో అప్పుడే పుట్టిన చిన్న సంఘాన్ని వదిలి ఆయన వెళ్ళిపోవాలి. అధికారులు తప్పు ఒప్పుకోకపోతే రేపు సంఘం కూడే లూదియ ఇంటిమీద పడతారు. యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టేస్తుంటే శతాధిపతిని చట్టం అడిగాడు. కైసరయలో చక్రవర్తి దగ్గరే చెప్పుకుంటానన్నాడు.

మా సమాధుల తోటకు వెళ్ళే బాట పక్క పొలాలు జరిగి జరిగి పాడె పట్టనంత సన్నబడింది. వాన రోజుల్లో శవాన్ని భుజాన వేసుకుని బురద మడిలో దిగేవాళ్ళం. కుర్రవాళ్ళు కొలతలు వేయించమంటే, రెండో చెంప చూపించమన్నారు కదా అని పెద్దల్లో కొందరు అడ్డం వచ్చారు. చెంప నాదైతే చూపిస్తాను, ఈ బాట రేపు చచ్చిపోయే ప్రతి పేదవాడిదీ అన్నాను. తహశీల్దారు ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగాం. సర్వేయరు వచ్చి రాళ్ళు పాతాడు. పక్క పొలం రైతుతో తగువు పడలేదు, కోత పండుగకు పిలిస్తే వచ్చి భోంచేసి వెళ్ళాడు.

9. పుచ్చుకోవడం

మా ఆవిడ పోయాక వీధి చివర ఇంటి కోడలు మధ్యాహ్నం క్యారేజీ పంపేది. ఎవరికీ భారం కాకూడదని నాలుగో రోజు వద్దని తిప్పి పంపాను. సాయంత్రం ఆ పిల్ల వచ్చి, "మీకు పెట్టే భాగ్యం కూడా మాకు లేదా మాస్టారూ" అని ఏడ్చింది. కొరింథులో కానీ ముట్టని పౌలు ఫిలిప్పీ వాళ్ళు పంపింది పుచ్చుకున్నాడు, సంతోషంగా పుచ్చుకున్నాడు. క్యారేజీ మళ్ళీ రావడం మొదలైంది.

10. అయ్యగారి జీతం

ట్రెజరర్‌గా ఉన్న రోజుల్లో నా చేతిలో ఎప్పుడూ రెండు పుస్తకాలుండేవి. గుడి కట్టుబడి పద్దు ఒకటి, నెలవారీ పద్దు ఒకటి. మొదటిదానికి డబ్బు పుట్టేది. ఫలకం మీద పేరు పడుతుంది, పాలరాయి కనపడుతుంది. రెండోదాంట్లో అయ్యగారి జీతం. ఒక ఏడు అది నాలుగు నెలలు బకాయి పడింది. ఆయన నోరు తెరిచి అడగలేదు. అమ్మగారు పల్లెలో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టారు. పెద్దల కమిటీలో నేను ఆ మాట ఎత్తితే ఒకరన్నారు: "పౌలు డేరాలు కుట్టుకుని సేవ చేయలేదా? మన అయ్యగారికీ విశ్వాసం పెరగనివ్వండి." అందరూ తలలూపారు. నేనూ గట్టిగా ఎదురు చెప్పలేదు. ఆయన మౌనానికి అణకువ అని పేరుపెట్టి, కట్టుబడి పద్దులోంచి రంగులు కొన్నాం.

పౌలు అకుల ప్రిస్కిల్లల ఇంట్లో డేరాలు కుట్టింది నిజమే. కుట్టాలని నిర్ణయించుకున్నది పౌలు, కొరింథు సంఘ పెద్దలు కాదు. సువార్త చెప్పేవాడు సువార్త వల్ల బతకాలన్నది ప్రభువు నియమమని కొరింథీయులకు రాసిన ఆ తొమ్మిదో అధ్యాయంలోనే ఆయన ఘంటాపథంగా రాశాడు. నెహెమ్యా యూదాకు అధిపతిగా ఉన్న పన్నెండేళ్ళూ అధిపతికి రావలసిన భోజనపు పద్దు ముట్టుకోలేదు. జనం మీద బరువు ఎక్కువగా ఉందని తనది తాను మానుకున్నాడు. అదే నెహెమ్యా, లేవీయులకు రావలసిన భాగాలు ఇవ్వక వాళ్ళు పొలాల దారి పట్టారని తెలిసినప్పుడు అధికారులను నిలబెట్టి అడిగాడు. తన భోజనం మానుకున్నవాడే పక్కవాడి భోజనం కోసం కోపం తెచ్చుకున్నాడు.

ఆ అయ్యగారు ఇంకో ఊరికి బదిలీ అయ్యేదాకా బకాయి పూర్తిగా తీరలేదు. సామాను లారీలో ఎక్కిస్తుంటే అమ్మగారి కుట్టుమిషను నేనే అందించాను. చాలా బరువుగా ఉంది.

సంఘ పెద్దలకూ, కమిటీలో ఉన్న కుర్రవాళ్ళకూ నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళేముందు మీ ట్రెజరర్‌ను పక్కకు పిలిచి, అయ్యగారికి ఎన్ని నెలల జీతం బాకీ ఉందో అడగండి. ఉంటే, వచ్చే ఆదివారంలోపు కట్టండి.